పాత సినిమా పెట్టేముందు టీవీ సంగతి చూడండి

విజయనగరం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

సిరిమాను పండక్కి వచ్చినప్పుడు పాత సినిమాలు మళ్లీ చూద్దామని రాశారు. సంతోషం. ‘వాటిల్లో అందరూ పొట్టిగా, లావుగా ఉంటారేటి తాతా?’ అని కూడా అడిగారు. వాళ్లు లావు కాదర్రా, మీ టీవీయే వాళ్లని అడ్డంగా సాగదీసింది.

1950ల నాటి బొమ్మ నాలుగడుగుల వెడల్పుంటే ఇంచుమించు మూడడుగుల ఎత్తుండేది. ఇప్పటి టీవీల కొలత పదహారుకి తొమ్మిది. 43 అంగుళాల టీవీ తెర సుమారు 95 సెంటీమీటర్ల వెడల్పు, 53 ఎత్తు. అందులో పాత బొమ్మకి 71 వెడల్పు చాలు. అటూ ఇటూ పన్నెండేసి సెంటీమీటర్లు నల్లగా మిగలాలి. డబ్బిచ్చి కొన్న తెర ఖాళీగా ఉందని బాధపడి ‘ఫుల్’ నొక్కారో, ప్రతి మొహమూ మూడో వంతు వెడల్పెక్కుతుంది. ‘జూమ్’ ఇంకా అన్యాయం. పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మ పోతుంది. రాజుగారి కిరీటం, నాట్యగత్తె పాదాలు ముందు పోయేవి.

రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 అనో, ఒరిజినల్ అనో పెట్టండి. బండి చక్రమో, చందమామో తెరమీదికి వచ్చినప్పుడు గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా ఉందా చూస్తే తెలిసిపోతుంది. కాపీ చేసినవాళ్లే సాగదీసి ఉంటే 4:3 పెడితే సర్దుకుంటుంది. కోసేసి ఉంటే మాత్రం చెయ్యగలిగిందేమీ లేదు, వేరే కాపీ వెతకాలి. 1974లో అల్లూరి సీతారామరాజుతో తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పాటి బొమ్మ, వచ్చింది. అలాంటి సినిమాలకి నలుపు పైనా కిందా ఉంటుంది. దాన్నీ కదపొద్దు.

తర్వాతిది కదలిక. ఫిల్మ్ సెకనుకి 24 బొమ్మలు. కొత్త టీవీలు మధ్యలో లేని బొమ్మలు సొంతంగా కల్పించి నునుపు చేస్తాయి. దాంతో పౌరాణికం కాస్తా సీరియల్ షూటింగులా కనబడుతుంది. ట్రూమోషన్ అనో, మోషన్‌ఫ్లో అనో ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. ఆపేయండి. షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించండి. లేకపోతే ఫిల్మ్ మీది సన్నని ఇసకలాంటి గరుకు, మొహాలమీద పురుగుల్లా కదులుతుంది.

అసలు చిక్కు పాటల్లో ఉంది. మనదేశపు వీసీడీలు, డీవీడీల్లో చాలా సెకనుకి 25 బొమ్మల లెక్కన తయారయ్యాయి. 24వి 25గా పరిగెత్తితే సినిమా నాలుగు శాతం తొందరపడుతుంది. 184 నిమిషాల మాయాబజార్ సుమారు 177లో అయిపోతుంది. శ్రుతి కూడా పైకి లేస్తుంది. అర శ్రుతిలో, అంటే హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ ఉన్న తేడాలో, ముప్పాతిక వంతుకి దగ్గరగా. పక్కన హార్మోనియం పెట్టుకుంటే ఏ మెట్టుకీ కలవదు. ఘంటసాల మన ఊరి సంగీత కళాశాలలో నేర్చుకున్నవారు. ఆయన గొంతుని అలా సన్నం చేసి వినడం ఈ ఊళ్లోనైనా కూడదు.

కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే సినిమాలు చూసే ప్రోగ్రాం ఉంటే వేగం 0.96 పెట్టండి. అది చాలదు. వీఎల్‌సీ మామూలుగా వేగం మార్చినా శ్రుతి కదలనివ్వదు. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ దగ్గర టిక్ తీసేస్తేనే గొంతు దిగుతుంది. మాయాబజార్ కాపీలో ఏడు నిమిషాలకన్నా ఎక్కువ తగ్గిందంటే అది వేగం ఒక్కటే కాదు, ఏ పాటో పద్యమో కత్తెరలో పోయిందన్నమాట.

ఆనాటి శబ్దం ఫిల్మ్ అంచున ఒకే ఒక్క గీతగా ఉండేది. సరౌండ్ పెడితే మాటలు బావిలోంచి వచ్చినట్టుంటాయి. అది తీసేసి బాస్ తగ్గించండి. బుస వినిపిస్తే ట్రెబుల్ రెండు మూడు గీతలు దించండి. మరీ దించితే ‘స’కీ ‘శ’కీ తేడా పోతుంది.

కథ తెలిసిపోయాక రెండోసారి చూసేటప్పుడు మాట్లాడుతున్నవాళ్లని వదిలేసి వింటున్నవాళ్లని చూడండి. 1955 నాటి కన్యాశుల్కంలో మధురవాణిగా సావిత్రి, గిరీశం మాట్లాడుతున్నంతసేపూ కళ్లతో ఏం చేస్తోందో కనిపెట్టండి. గురజాడవారి నాటకం పుస్తకం చేతిలో ఉంచుకుంటే ఏవి వదిలారో, ఏవి మార్చారో తెలుస్తుంది. 1892లో ఆ నాటకం మొదట ఆడింది మన ఊళ్లోనే.

పాత ప్రింటు నుంచి తీసిన కాపీ అయితే కుడివైపు పై మూల ఒక చుక్క తళుక్కుమంటుంది. రీలు అయిపోవచ్చింది, హాల్లో ఆపరేటరు రెండో ప్రొజెక్టరు మోటారు తిప్పాలి అనడానికి అది గుర్తు. ఏడు సెకన్ల తర్వాత ఇంకో చుక్క వస్తుంది, అప్పుడు బొమ్మని ఆ రెండోదానికి మార్చాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. హాళ్లలో సాధారణంగా రెండు వేల అడుగుల రీళ్లు వేసేవారు కాబట్టి ఇరవై నిమిషాలకి అటూ ఇటూగా కాపు కాయండి. బాగుచేసిన కొత్త కాపీల్లో ఈ చుక్కలు తుడిచేస్తున్నారు. శుభ్రమే కానీ నాకు నచ్చలేదు.

వచ్చేటప్పుడు కంప్యూటర్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎమ్‌ఐ వైరు తెచ్చుకోండి, రెండు మీటర్లకి తక్కువది వద్దు. టీవీ బల్లకీ ప్లగ్గుకీ అంత దూరముంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య