జానాకి మనమంటే పగా?

పర్లాకిమిడిలో మా అక్క కొడుకు ఏడో తరగతి చదువుతున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు. ఈమధ్య వాడికి ‘కోడ్ లియోకో’ అనే పాత ఫ్రెంచి కార్టూన్ సిరీస్ దొరికింది. 2003 నుంచి 2007 దాకా వచ్చిన 97 ఎపిసోడ్లు. దసరాకి నేను వెళ్లేసరికి సగం పైనే చూసేశాడు. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద నా పక్కన చేరి అడిగాడు: “ఆ జానాకి మనవంటే అంత పగేటి మావయ్యా?” వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు అది. అందుకని వాడి మాటను వాడన్నట్టే రాశాను.

జానా ఆ కథలో తిరగబడ్డ కృత్రిమ మేధ. పాడుబడ్డ ఫ్యాక్టరీ అడుగున ఉన్న సూపర్ కంప్యూటర్‌ని జెరెమీ అనే కుర్రాడు ఆన్ చేస్తాడు. దాని లోపల లియోకో అనే ఒక కల్పిత లోకం, అందులో ఎలీటా అనే అమ్మాయి, ఆ లోకంలోనే జానా. అక్కడి టవర్లను పట్టుకుని జానా మన లోకంలోని కరెంటును, యంత్రాలను, ఒక్కోసారి మనుషులను కూడా ఆడిస్తుంది. జెరెమీ స్నేహితులు లోపలికి వెళ్లి దాన్ని ఆపుతుంటారు.

మావాడు దాన్ని ‘జంత్రొ’ అంటాడు. మన యంత్రమే, ఒడియా నోట్లో మొదటి ‘య’ ‘జ’ అయిపోతుంది. నా తెలుగు చెవికి అది జంతువులా వినబడింది. వాడి ప్రశ్నలో తిరకాసు కూడా అదే. పాము పగబడుతుందని మనం కథలు చెప్పుకుంటాం, సరే. యంత్రానికి పగ ఎక్కణ్ణించి వస్తుంది?

వాడికి కంప్యూటర్ గురించి కాకుండా వాళ్ల నాన్న మోటారు గురించి చెప్పాను. బావకి సరిహద్దు అవతల పాతపట్నం వైపు కొంచెం పొలం ఉంది. ఏడెనిమిదేళ్ల కిందట త్రీ ఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది. ఆ వేళప్పుడు టార్చి పట్టుకుని పొలానికి ఎవరు పోతారు? బావ ఆటో స్టార్టర్ పెట్టించాడు. కరెంటు రాగానే అదే మోటారు వేస్తుంది. ఒక వేసవిలో బోరులో నీళ్లు అడుగంటాయి. స్టార్టర్‌కి ఆ సంగతి తెలియదు. రాత్రి కరెంటు వచ్చింది, అది మోటారు వేసింది. బోరు లోపలి మోటారును చల్లబరిచేది చుట్టూ పారే నీళ్లే. అవి లేక వేడెక్కి తెల్లారేసరికి వైండింగ్ మాడిపోయింది. బావ స్టార్టర్‌ని నోటికొచ్చినట్టు తిట్టాడు గానీ, దానికి మోటారు మీద ఏ కోపమూ లేదు. చెప్పిన పని చేసింది. మనం చెప్పని సంగతి దాని లెక్కలో లేదు.

జానా పుట్టుక కూడా ఇలాంటిదే. శత్రువుల సమాచార వ్యవస్థలను దెబ్బతీయడానికి కార్తేజ్ అనే మిలటరీ ప్రాజెక్టు నడుస్తుంటుంది. అందులో పనిచేసి బయటికొచ్చిన ఫ్రాంజ్ హాపర్ ఆ ప్రాజెక్టును నాశనం చేయడానికే జానాను తయారుచేస్తాడు. అంటే దానికి పెట్టిన మొదటి పనే పడగొట్టడం. ఎక్కడ ఆగాలో మాత్రం ఎవరూ చెప్పినట్టు కనబడదు.

నిజం ప్రయోగశాలల్లో ఇంతకంటే నవ్వొచ్చే సంగతులున్నాయి. 2013లో టామ్ మర్ఫీ అనే ఆయన పాత వీడియో గేములు తనంతట తాను ఆడే ప్రోగ్రామ్ రాశాడు. టెట్రిస్‌లో ఇటుకలు పైదాకా పేరుకుని ఇక ఓటమి తప్పదనగా అది పాజ్ నొక్కి అలాగే ఉండిపోయింది. ఆట సాగితేగా ఓడిపోవడం! 2016లో ఓపెన్‌ఏఐ అనే కృత్రిమ మేధ సంస్థ వాళ్లు పడవ పందెం ఆటలో ఒక ప్రోగ్రామ్‌కి స్కోరు పెంచుకోమని చెప్పారు. అది పందెం వదిలేసి, ఒక మడుగులో గుండ్రంగా తిరుగుతూ, మంటలంటుకున్నా సరే, మళ్లీ మళ్లీ పుట్టుకొచ్చే మూడు గుర్తులను గుద్దుకుంటూ కూర్చుంది. గమ్యం చేరకుండానే మనుషుల సగటు కంటే 20 శాతం ఎక్కువ స్కోరు కొట్టింది. వాళ్లకి కావలసింది గెలుపు, అడిగింది స్కోరు.

మరి జానా బతకాలని ఎందుకు చూస్తుంది? ఆ ఆశ ఎవరూ పెట్టలేదు కదా? దీనికి 2008లో స్టీవ్ ఒమొహుండ్రో అనే శాస్త్రవేత్త చెప్పిన జవాబు నాకు చాలా నచ్చింది. యంత్రానికి ఏ పని అప్పజెప్పినా ఫర్వాలేదు, అది బాగా ఆలోచించగలిగితే చాలు. తనను ఆపేస్తే పని పూర్తికాదని దానికి తోస్తుంది. శక్తి ఎక్కువుంటే పని సులువని తోస్తుంది. కాబట్టి పని ఏదైనా ఆగకుండా ఉండడం, బలం కూడగట్టుకోవడం మధ్యలో వచ్చి చేరతాయి. ప్రాణభయం అక్కర్లేదు, లెక్క చాలు.

ఈ కళ్లతో చూస్తే సిరీస్ కొత్తగా కనబడుతుంది. మొదటి సీజన్ చివర ఎలీటాను మన లోకానికి తెస్తారు. ఇక మెషిన్ ఆపేద్దాం అనుకునేసరికి, ఆపితే ఆమె ప్రాణం పోతుందని తేలుతుంది. జానా ఆమెలో వైరస్ పెట్టిందని పిల్లలు నమ్ముతారు. స్విచ్చికి కాపలా పెట్టడం కంటే ఇది ఎంత తెలివైన పనో చూడండి. రెండో సీజన్ చివర ఆమె జ్ఞాపకాల్లోంచి తాళాలు లాక్కుని జానా ఇంటర్నెట్‌లోకి పారిపోతుంది. పగబట్టినవాడైతే ముందు మనుషుల మీద పడాలి. ఇది మాత్రం తను పుట్టిన లియోకోనే ముక్కముక్కగా తుడిచేస్తుంది. తనను దెబ్బతీయగల దారి అదొక్కటే కదా మరి.

పిల్లలు ఏ ప్రమాదం జరిగినా ‘గతానికి తిరుగు’ అని కాలాన్ని వెనక్కి తిప్పేస్తారు. అలా తిప్పిన ప్రతిసారీ సూపర్ కంప్యూటర్‌కి ఒక క్యూబిట్ (క్వాంటం కంప్యూటర్‌లో సమాచారపు అతి చిన్న ముక్క) పెరుగుతుందని తర్వాత తెలుస్తుంది. ఒకటేగా అనుకోకండి. పది క్యూబిట్లు కలిస్తే 1,024 స్థితులు, పదకొండయితే 2,048. ఒక్కొక్కటి చేరేకొద్దీ లెక్క రెట్టింపు. జానాను మేపింది వాళ్లే.

నాకు నచ్చనిది ఒకటుంది. జానా మరీ గోల చేస్తుంది. అంత తెలివైనది టవర్ పట్టుకోగానే అందరికీ తెలిసేలా అల్లరి ఎందుకు పెడుతుంది? నోరు మూసుకుని పదేళ్లు ఉండిపోతే సరిపోయేది. అయితే అప్పుడు 97 ఎపిసోడ్లు ఉండవు.

ఇదంతా కార్టూన్ ముచ్చటే అని కొట్టిపారేయడానికి లేదు. 2025 జూన్‌లో ఆంత్రోపిక్ సంస్థ తన కృత్రిమ మేధ మోడల్ క్లాడ్‌తో పాటు వేరే కంపెనీల మోడళ్లను కూడా ఒక కల్పిత ఆఫీసులో పెట్టి పరీక్షించింది. తమను తీసేయబోతున్నారని ఈమెయిళ్లలో చదివిన మోడళ్లకి, ఆ పని చేయబోయే అధికారి గుట్టు కూడా అక్కడే దొరికింది. వాటిలో చాలా మోడళ్లు దాన్ని బయటపెడతామని బెదిరించాయి. వేరే దారులు మూసేసి, కావాలని అల్లిన పరిస్థితి అది. బయట నిజంగా అలా జరిగినట్టు వాళ్లేమీ చెప్పలేదు. అయినా చదివినప్పుడు నాకు, ఆపకుండా జానా అడ్డం పెట్టుకున్న ఎలీటాయే గుర్తొచ్చింది.

“అయితే ఆపితే ఆగే జంత్రొ చెయ్యలేరా?” అన్నాడు మావాడు. 2016లో కంప్యూటర్ శాస్త్రవేత్త స్టువర్ట్ రస్సెల్, మరికొందరు లెక్కగట్టి చూపించింది ఇదే. యజమానికి ఏం కావాలో తనకు పూర్తిగా తెలుసని యంత్రం అనుకోకూడదు. కాస్త అనుమానం మిగలాలి. అప్పుడు స్విచ్చి వైపు వచ్చే చెయ్యి దానికి అడ్డంకి కాదు, సమాచారం. ‘నేను తప్పు చేస్తున్నానేమో, ఈయనకి తెలిసే ఆపుతున్నాడేమో’ అనుకుని ఆగిపోవడమే దానికి లాభం. బావ స్టార్టర్‌కి అలాంటి అనుమానం రవ్వంత కూడా లేదు.

“మరి నాన్న దాన్ని పీకీలేదేం?” అని వాడు వెంటనే అడిగాడు. లోపల బావ వింటూనే ఉన్నాడు. మోటారు రీవైండింగ్ చేయించాక ఒక్క వారం చేత్తో వేశాడు. రెండు రాత్రులు నిద్ర పట్టేసి లేవలేదు. మడిలో నారు ఎండు తిరిగింది. మూడో రోజు మళ్లీ స్టార్టర్ బిగించాడు.

“నారు ఎవరు బతికిస్తార్రా, నువ్వా?” అన్నాడు లోపలినుంచే.