సుగ్గికి పోయేవాళ్ల మాత్రలు: ఆరోగ్య సమానత్వంపై అపోహలు - వాస్తవాలు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో క్షయ రోగుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల కూటమికి నేను సమన్వయకర్తను. 2025లో మా పని ఎక్కువగా అడ్వకసీయే. అంటే ఏమిటని ఆశా వర్కర్లు అడిగితే "రోగి తరఫున నిలబడి అడగడం" అని చెబుతాను. ఈ ఏడాది ఊళ్లలో, ఆఫీసుల్లో, దాతల దగ్గర పదేపదే విన్న కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: టీబీకి మందులు ఉచితమే కదా, ఇంక అసమానత ఎక్కడుంది?

మందులు ఉచితమే, పరీక్షలూ ఉచితమే. మామూలు టీబీ అయితే ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే నయమవుతుంది. అయితే ఆ ఆరు నెలలూ రోగి ఒకే ఊళ్లో ఉండగలగాలి కదా. ఆదోని, కోసిగి, ఆలూరు వైపు ఊళ్లలో ఖరీఫ్ పనులు అయిపోగానే వేల కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, పోతాయి. గిన్నెలు, దుప్పట్లు, చిన్నపిల్లలతో సహా బండెక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోయి, ఎండలు ముదిరాక తిరిగొస్తాయి. అప్పటిదాకా ఇళ్లకు తాళాలు, కొన్నిచోట్ల ముసలివాళ్లు మాత్రం.

గత ఫిబ్రవరిలో గుంటూరు దగ్గర కోతకూలీల గుడారాలకు పోయాం. ఒకావిడ టార్పాలిన్ కింద నుంచి స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల ఖాళీ మాత్రల అట్టలు, నాలుగు మడతలు పెట్టిన ఆసుపత్రి చీటీ. "అయిపోయి పద్దినాలైందక్కా. ఊరికి పోయొస్తే రెండు దినాల కూలి పోతాది. ఈడ ఎవుర్ని అడగాలో తెల్దు" అంది. పక్క గుడారంలో ఇద్దరు ఆగకుండా దగ్గుతున్నారు. మేస్త్రీని అడిగితే మిరప ఘాటన్నాడు, అక్కడ అందరూ అదే అనుకుంటున్నారు. ఇద్దరికీ కళ్లె పరీక్ష చేయిస్తే ఒకరికి టీబీ తేలింది.

ఆ చీటీ మీద ఆమె నిక్షయ్ నంబరు, అంటే ప్రతి టీబీ రోగికీ ప్రభుత్వం ఇచ్చే నమోదు నంబరు, రాసే ఉంది. ఆ నంబరుతో దేశంలో ఏ ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా మందులు తీసుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ గుడారాలకు పది కిలోమీటర్ల లోపే పీహెచ్‌సీ ఉంది. ఈ ఏడాది మా అర్జీల్లో మేం ముఖ్యంగా అడిగింది ఇది: సుగ్గికి పోయేముందే రోగి ఎక్కడికి పోతున్నదీ రాసుకోండి, అక్కడి టీబీ సిబ్బందికి ఫోన్ చేసి అప్పజెప్పండి, కనీసం నెలకు సరిపడా మాత్రలు చేతికివ్వండి.

అపోహ: జెనీవాలోనో న్యూయార్కులోనో జరిగేదానికీ ఆదోనికీ సంబంధం లేదు.

ఈ మాట చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. మాత్రలు మధ్యలో ఆగితే క్రిములు మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. దాన్నే ఎండీఆర్ టీబీ అంటాం. ఒకప్పుడు దానికి నెలల తరబడి ఇంజెక్షన్లు పొడిచేవారు, వాటితో కొందరికి చెవులు పూర్తిగా పోయేవి. ఆ బాధ తప్పించిన మాత్ర బెడాక్విలిన్. 2012 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందింది. నలభై ఏళ్లకు పైగా ఎదురుచూశాక టీబీకి వచ్చిన కొత్త రకం మందు అది. దాని పేటెంటు జాన్సన్ అండ్ జాన్సన్ చేతిలో ఉండేది. అసలు పేటెంటు 2023 జులైలో ముగుస్తుందనగా, మందు తయారీలో చిన్న మార్పు చూపించి 2027 దాకా హక్కు పొడిగించమని కంపెనీ మన దేశంలో దరఖాస్తు పెట్టింది.

దాన్ని ఎదిరించినవాళ్లు ఇద్దరు మహిళలు: ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలె. ఇద్దరూ టీబీ నుంచి బతికి బయటపడ్డవాళ్లే, ఆ చికిత్సలోనే వినికిడి పోగొట్టుకున్నవాళ్లే. 2019లో అభ్యంతరం దాఖలు చేశారు. 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తును తోసిపుచ్చింది. పేద దేశాల కోసం మందులు కొనే గ్లోబల్ డ్రగ్ ఫెసిలిటీ ద్వారా ఆరు నెలల కోర్సు 2018లో 400 డాలర్లుండేది, 2023లో 130 డాలర్లకు దిగింది. ఈ మందుతో కూడిన ఆరు నెలల కొత్త చికిత్సకు 2024 సెప్టెంబరులో మన కేంద్రం ఆమోదం తెలిపింది. ఈ కథ ఊళ్లలో చెప్పినప్పుడల్లా, చెవులు పోయిన ఆ ఇద్దరి దగ్గరికి వచ్చేసరికి జనం నిశ్శబ్దంగా వింటారు. నాకూ ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

2025 మాత్రం గట్టి దెబ్బే కొట్టింది. అమెరికా విదేశీ సాయం ఆపేయడంతో ఎన్నో దేశాల్లో టీబీ, హెచ్‌ఐవీ సేవలు కుంటుపడ్డాయి. టీబీ, హెచ్‌ఐవీ, మలేరియాలపై పోరుకు దేశాల నుంచి డబ్బు పోగుచేసే గ్లోబల్ ఫండ్ 1,800 కోట్ల డాలర్లు కావాలని అడిగితే నవంబరులో జొహానెస్‌బర్గ్‌లో దేశాలు ఇస్తామన్నది 1,134 కోట్లు. 2023లో ప్రపంచంలో టీబీతో 12.5 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రపంచంలోని ప్రతి నలుగురు కొత్త రోగుల్లో ఒకరికి మించి మనవాళ్లే. అందుకే మేం ఎంపీలకు రాసే ఉత్తరాల్లో ఆదోని సంగతితో పాటు గ్లోబల్ ఫండ్ సంగతీ రాస్తాం.

అపోహ: ఈ అర్జీలు, మీటింగుల ఖర్చుతో సరుకులు కొని పంచొచ్చు కదా?

సరుకులూ పంచుతున్నాం. కందిపప్పు, బుడ్డలు (వేరుశనగలు), నూనె. తిండి కూడా మందే. జార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడ్డ రేషన్స్ అధ్యయనంలో, రోగి ఇంట్లోవాళ్లకు అదనంగా తిండి గింజలు, పప్పు ఇస్తే వాళ్లకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కానీ మేం మా చందాలతో ఎన్ని ఇళ్లకు పంచగలం? రోగుల తిండికి కేంద్రం ఇచ్చే నిక్షయ్ పోషణ్ సాయం నెలకు 500 రూపాయలుండేది. 2024 నవంబరు నుంచి 1,000 అయింది. ఆ పెంపు దేశంలో ప్రతి రోగికీ వర్తిస్తుంది, మా సంచులు మాత్రం మూడు మండలాలు దాటవు.

అలాగని ఆ డబ్బు చేతికి రావడం తేలికేం కాదు. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరు. ఏళ్లుగా వాడక ఖాతా మూతపడి ఉంటుంది. మా కుర్ర కార్యకర్తలు ఈ ఏడాది ఎక్కువ రోజులు గడిపింది బ్యాంకు వరండాల్లోనే.

అపోహ: సమానత్వమంటే అందరికీ ఒకే తీరుగా ఇవ్వడం.

కర్నూలు టౌనులో పెద్దాసుపత్రి పక్కన ఉండే మనిషికీ, కోసిగి నుంచి రెండు బస్సులు మారి వచ్చే కూలిమనిషికీ ఒకే ఓపీ టైము పెడితే రెండో మనిషికి ఆ రోజు కూలి పోతుంది. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

అపోహ: ఏడాదంతా అడిగి సాధించిందేమీ లేదు.

డిసెంబరులో మేం పనిచేసే మూడు మండలాల్లోనూ ఆశా వర్కర్లు సుగ్గికి పోయే రోగుల జాబితా రాశారు. పోయే ఊరు, మేస్త్రీ ఫోన్ నంబరు అందులో ఉన్నాయి. రెండు మండలాల్లో నెల మాత్రలు ముందే ఇచ్చారు. మూడోచోట "పైనుంచి ఉత్తర్వు రావాల" అన్నారు, మళ్లీ పోతున్నాం. పొలాల దగ్గరే దగ్గు పరీక్షలు చేయించాలన్న మా అర్జీకి ఇంకా జవాబు రాలేదు. స్టీలు డబ్బా ఆవిడ మందులు పూర్తిచేసింది. ఈసారీ కోతకు పోయింది. దగ్గేవాళ్ల పేర్లు కూతురు చేత రాయించి నాకు ఫోన్లో పంపుతోంది, ఇప్పటికి నాలుగు వచ్చాయి.

మీ ఊరి నుంచి సుగ్గికి పోయినవాళ్లలో ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గుంటే, మాత్రలు అయిపోయుంటే, 1800-11-6666కు చేయమనండి. అది టీబీ రోగుల కోసం పెట్టిన ప్రభుత్వ ఉచిత ఫోన్. నిక్షయ్ నంబరు ఉంటే దగ్గర పెట్టుకుని మాట్లాడమనండి.