తవుడని తోసేసిన సంచులు: ఎక్సోజోమ్ ఇంజెక్షన్ల వెనక కథ

కనిగిరి దగ్గర మా బాబాయ్ వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి పోతాడు. మొన్న ఆయన ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. ఎక్సోజోమ్ ఇంజెక్షన్లు నాలుగు వేయించుకుంటే కిడ్నీ మళ్లీ పనిచేస్తుందట. "ఏందబ్బాయ్ ఇది, నిజమేనా?" అని అడిగాడు. కాదని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ ఆ వీడియోలో ప్రతి మాటా అబద్ధం కాదు, అదే చిక్కు.

మన ఒంట్లో కణాలు చిన్న చిన్న సంచులను బయటికి వదులుతుంటాయి. అన్నిటినీ కలిపి ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అంటారు. అందులో ఒక రకం ఎక్సోజోమ్‌లు. సైజు సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. వాటిలో పెద్దవాటినే ఐదారు వందలు పక్కపక్కన పేరిస్తే ఒక వెంట్రుక మందం అవుతుంది.

వీటి జాడ మొదట దొరికింది రక్తంలో. 1946లో న్యూయార్క్‌లో ఎర్విన్ చార్గాఫ్, రాండాల్ఫ్ వెస్ట్ ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవాన్ని, సెంట్రిఫ్యూజ్ అనే గిరగిరా తిరిగే యంత్రంలో బాగా వేగంగా తిప్పారు. అడుక్కి దిగినదాన్ని తీసేస్తే రక్తం గడ్డకట్టడం ఆలస్యమైంది. అంటే ఆ మడ్డికి ఏదో పని ఉంది. 1967లో పీటర్ వోల్ఫ్ అది ప్లేట్‌లెట్ల నుంచి రాలిందని చూపించి 'ప్లేట్‌లెట్ ధూళి' అన్నాడు. (డెంగీ పుణ్యమా అని ఇప్పుడు ప్లేట్‌లెట్లంటే తెలియనివాళ్లు లేరు.) పేరులోనే ధూళి ఉంటే దాన్ని ఎవరు పట్టించుకుంటారు? నెల్లూరు రైస్‌ మిల్లుల్లో తవుడు సంగతీ ఇంతే. గొడ్లకు వేసేదే అనుకున్నాం గానీ, అందులో నూనె ఉందని గుర్తించేసరికి చాలా కాలం పట్టింది.

1983లో మాంట్రియల్‌లో రోజ్ జాన్‌స్టోన్ బృందం గొర్రె రక్తంతో, అమెరికాలో హార్డింగ్, స్టాల్ ఎలుక రక్తంతో ఒకే సంగతి కనిపెట్టారు. ఎర్ర రక్తకణం ముదిరేటప్పుడు ఇక అక్కర్లేని ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్లను (ఇనుమును లోపలికి తీసుకునే ప్రొటీన్లను) ఈ సంచుల్లో కట్టి బయట పారేస్తుంది. 1987లో జాన్‌స్టోన్ వాళ్లు వీటిని ఎక్సోజోమ్‌లు అన్నారు. పేరైతే పెట్టారు గానీ, కణం చెత్త పారేసుకునే సంచులనే అభిప్రాయం మాత్రం మారలేదు.

1996లో గ్రాసా రపోసో బృందం పని నుంచి అది మారడం మొదలైంది. రోగనిరోధక వ్యవస్థలోని బి కణాలు వదిలిన సంచులు, అదే వ్యవస్థలోని టి కణాలను మేల్కొలుపుతున్నాయని తేలింది. అసలు మలుపు 2007లో. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వలాది, లోట్వాల్ ఎలుక కణాల సంచులను మనిషి కణాలకు అందించారు. మనిషి కణాలు ఎలుక ప్రొటీన్లు తయారుచేశాయి! సంచిలో ఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ ఎలా తయారుచేయాలో చెప్పే సందేశం) ఉంది, అవతలి కణం దాన్ని చదువుకుంటోంది. చెత్తబుట్ట అనుకున్నది తపాలా సంచి అయింది. నాకైతే ఈ కథ మొత్తంలో ఇంతకంటే అందమైన ప్రయోగం కనిపించలేదు.

వీడియో కథ మొదలయ్యేది ఆ తర్వాతే. 2010లో సింగపూర్‌లో లిమ్ సాయ్ కియాంగ్ బృందం మూలకణాలు (స్టెమ్‌సెల్స్, కొత్త కణాలుగా మారగలిగేవి) లేకుండా, అవి వదిలిన సంచులు మాత్రమే ఇచ్చినా ఎలుకల గుండెకు జరిగే నష్టం తగ్గిందని చూపించింది. అంతకు ముందు స్టెమ్‌సెల్ బోర్డులు పెట్టుకున్న క్లినిక్కులు కొన్నిచోట్ల బోర్డు మార్చి ఎక్సోజోమ్ అని రాసుకున్నాయి. 2019 డిసెంబరులో నెబ్రాస్కాలో కొందరు రోగులకు ఎక్సోజోమ్ ఉత్పత్తులు తీసుకున్నాక తీవ్ర సమస్యలు రావడంతో, తాము ఆమోదించిన ఎక్సోజోమ్ ఉత్పత్తి ఒక్కటీ లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. శాస్త్రవేత్తల టెన్షన్ వేరు. రక్తంలో ఇదే సైజులో కొలెస్ట్రాల్ మోసే రేణువులూ తిరుగుతుంటాయి. సంచులను వాటి నుంచి శుభ్రంగా విడదీయడం కష్టం. ఒకసారి తయారుచేసిన బ్యాచ్‌లా ఇంకోటి రాదు. సీసాలో ఏముందో కచ్చితంగా చెప్పలేనప్పుడు డోసు ఎలా చెప్తారు?

మన కనిగిరి వైపు అసలు కావాల్సింది ఇంజెక్షన్ కంటే ముందు మూత్రపరీక్షేనేమో. దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు) గురించి మొదటి నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ఫ్లోరైడ్ నీళ్ల కనిగిరి, పొదిలి అప్పట్లో అందులోనివే, 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడ్డాక అందులోకి వచ్చాయి. కిడ్నీ జబ్బుతోనూ ఇక్కడివాళ్లు ఆసుపత్రికి చేరేది ఆలస్యంగానే. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగిందని రిపోర్టు వచ్చేసరికి చాలామందికి సగం కిడ్నీ పనితీరు పోయి ఉంటుంది. 2004లో అమెరికాలో పిసిత్‌కున్, నెప్పర్ మూత్రంలోనే ఎక్సోజోమ్‌లు ఉన్నాయని, వాటిలో కిడ్నీ గొట్టాల కణాల నుంచి వచ్చిన ప్రొటీన్లు కూడా ఉన్నాయని చూపించారు. సూది గుచ్చి ముక్క తీయకుండానే లోపలి కబురు బయటికొస్తోందన్నమాట. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉన్నవాళ్లకు ఇలాంటి మూత్రపరీక్ష 2016 నుంచి అమెరికాలో ఉంది.

కిడ్నీకి సంచులతో వైద్యం జరగనే లేదా అంటే, జరిగింది. 2016లో ఈజిప్టు డాక్టర్లు బొడ్డుతాడు మూలకణాల సంచులను కిడ్నీ రోగుల మీద పరీక్షించి, కొంత మేలు కనిపించిందని రాశారు. రోగులు మొత్తం 40 మంది, వాళ్లలో సగం మందికే అసలు మందు. పైగా వాళ్లెవరూ ఇంకా డయాలసిస్ దాకా వచ్చినవాళ్లు కారు.

బాబాయ్‌కి ఇదంతా ఫోన్లో చెప్పా.

"నలభై మందేనా?" అన్నాడు. కాసేపాగి, "మూత్రం టెస్టన్నా ఒంగోల్లో చేస్తారా?"

కిడ్నీకి అలాంటిది ఇంకా రాలేదు బాబాయ్, క్రియాటినినే చూస్తారన్నా.

"సర్లే, రేపు పొద్దున్నే డయాలసిస్ ఉంది" అని పెట్టేశాడు.