పెరట్లో దెబ్బతిన్న కరెంటు పోల్ మార్చడం: జనం అనుకునేవి, అసలు జరిగేవి

లైన్ల పని చేసేవాళ్ళం ఎవరి పెరట్లోకి వెళ్ళినా మొదటి పది నిమిషాలు ఒకేలా ఉంటాయి, ఇంటివాళ్ళు బయటికొచ్చి "పోల్ బానే ఉంది కదా ఎందుకు మారుస్తున్నారు" అని అడుగుతారు, లేకపోతే "ఎన్నాళ్ళ నుంచో చెప్తున్నాం, ఇంత చిన్న పనికి ఇన్ని రోజులా" అని అడుగుతారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే, ఎందుకంటే పోల్ లో చెడిపోయే భాగం కంటికి కనపడదు, పనిలో కష్టమైన భాగం కూడా కనపడదు. అందుకే జనంలో బాగా పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు తీసుకుని ఒక్కొక్కటి చెప్తాను. ఎక్కువగా చెక్క పోల్స్ గురించే చెప్తున్నా, ఇళ్ళ వెనకాల లైన్ పోయే చోట్ల అవే ఎక్కువ చెడేవి కాబట్టి.

అపోహ: పోల్ పైకి గట్టిగా కనిపిస్తోంది అంటే గట్టిగానే ఉన్నట్టు.

చెక్క పోల్ కి అసలు శత్రువు నేల మట్టం. ఖచ్చితంగా చెప్పాలంటే నేల మట్టం దగ్గర మొదలై ఒక అడుగు, అడుగున్నర లోపలికి. కుళ్ళు పట్టే ఫంగస్ కి తేమా కావాలి గాలీ కావాలి. బాగా లోతుకి పోతే గాలి ఉండదు, నేల పైన చెక్క ఎండిపోతుంది కాబట్టి తేమ ఉండదు, రెండూ కలిసి దొరికేది ఆ మధ్య జాగాలోనే. ఇంకో దురదృష్టం ఏంటంటే గాలి వీచినప్పుడు పోల్ మీద వంపు బలం ఎక్కువ పడేదీ సరిగ్గా అక్కడే. అంటే ఎక్కడ ఎక్కువ బలం కావాలో అక్కడే ముందు చెడుతుంది.

పెరట్లో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పోల్ మొదట్లో మొక్కలు వేస్తారు, రోజూ నీళ్ళు పోస్తారు, తోట మట్టి ఒక అడుగు ఎత్తు పోసి పాత నేల మట్టాన్ని కప్పేస్తారు. తీగ మొక్కలు పాకిస్తే తేమ ఆరదు, పైగా మాకు లోపల ఏముందో కనపడదు. మేం వచ్చి మొదలు చుట్టూ తవ్వి చూసేది అందుకే. సుత్తితో కొట్టి శబ్దం వింటాం, గట్టి చెక్క ఖంగుమంటుంది, లోపల డొల్ల ఉంటే డబ్ అని చచ్చిన శబ్దం వస్తుంది. అనుమానం ఉంటే సన్నటి డ్రిల్ తో ఏటవాలుగా రంధ్రం వేసి లోపల మంచి చెక్క ఎంత మందం మిగిలిందో కొలుస్తాం, తర్వాత ఆ రంధ్రంలో మందు వేసి బిరడా కొట్టేస్తాం. ఆ రంధ్రం చూసి పోల్ పాడుచేస్తున్నారని కంగారు పడకండి.

అపోహ: లోపల డొల్ల పడితే పోల్ అయిపోయింది, బయట కొంచెం చివికితే ఏం కాదు.

ఇది పూర్తిగా తలకిందులు. ఈ ఒక్కటి మాత్రం లెక్కతో చెప్పాలి. గుండ్రటి కర్ర వంగకుండా నిలబడే బలం దాని వ్యాసం మూడో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పోల్ అనుకోండి. సరిగ్గా మధ్యలో 15 సెంటీమీటర్ల గుండ్రటి డొల్ల పడితే, అంటే సగం వ్యాసం ఖాళీ అయితే, వంగకుండా నిలబడే బలంలో పోయేది సుమారు 6 శాతమే. అదే పోల్ కి బయట చుట్టూతా రెండున్నర సెంటీమీటర్లు చివికిపోతే మిగిలేది 25 సెంటీమీటర్ల వ్యాసం, బలం సుమారు 42 శాతం పోయినట్టే. చూడ్డానికి చాలా చిన్న నష్టం, నిజానికి దాదాపు సగం పోల్ లేదు. అలాగని డొల్లని వదిలెయ్యమని కాదు, డొల్ల మధ్యలోనే ఉండాలని ఏం లేదు, ఒక పక్కకి జరిగి గోడ పల్చబడితే ఒక్కసారిగా పగులుతుంది. కాకపోతే మేం ముందు భయపడేది బయటి పొరని చూసి.

ఎంత పోతే మార్చాలి అనేదానికి రూల్స్ ఉంటాయి. ఉదాహరణకి అమెరికాలో వాడే ఎన్ఈఎస్‌సీ అనే కరెంటు భద్రతా కోడ్ ప్రకారం ముఖ్యమైన లైన్ల చెక్క పోల్ బలం, కట్టినప్పుడు ఉండాల్సిన దాంట్లో మూడింట రెండొంతులకి పడిపోతే దాన్ని మార్చాలి, లేదా బలపరచాలి. బలపరచడం అంటే పై భాగం బాగుండి నేల దగ్గర మాత్రమే చెడినప్పుడు పక్కన స్టీలు బద్దీ ఒకటి భూమిలోకి దింపి పోల్ కి పట్టీలతో బిగించడం. పెరట్లోకి మెషీన్ పోయే దారే లేని చోట ఇది చాలాసార్లు మంచి దారి, ఇది చూసి "మార్చకుండా అతుకేసి పోయారు" అనుకోవాల్సిన పని లేదు.

అపోహ: నిలువు పగుళ్ళు వచ్చాయి, ఇవాళో రేపో పడిపోతుంది.

చెక్క ఆరేటప్పుడు పై నుంచి కిందికి పగలడం మామూలే, చాలా మంచి పోల్స్ కి కూడా ఉంటాయి. అడ్డంగా వచ్చిన పగులు, అడ్డంగా విరిగిన పీచులు, వాటిని సీరియస్ గా తీసుకోవాలి. కొంచెం వాలిన పోల్ కూడా అంతే, ఎప్పట్నుంచో అలానే ఉంటే ఒక మాట, నిన్నటి గాలివానకి కొత్తగా వాలి మొదట్లో మట్టి పైకి లేచి ఉంటే వేరే మాట, ఆ రెండోది వెంటనే ఫోన్ చేసి చెప్పాల్సిందే.

అపోహ: విరిగినా నిలబడే ఉంది కదా, అంటే ఇంకా ఆగుతుంది.

మా పనిలో మనుషుల ప్రాణాలు తీసేది ఈ నమ్మకమే. పోల్ తీగల్ని మోస్తుంది అని అందరికీ తెలుసు. మొదలు పూర్తిగా పోయాక అదే తీగలు పోల్ ని మోస్తాయి అని చాలామందికి తెలీదు. రెండు వైపులా పోల్స్ గట్టిగా ఉంటే మధ్యలో విరిగిన పోల్ తీగలకి వేలాడుతూ నిటారుగానే ఉండిపోతుంది, రోజుల తరబడి కూడా. ఎవరైనా ఎక్కితే, లేదా పై నుంచి ఒక తీగ విప్పితే, దాన్ని పట్టుకున్న బలం పోయి మనిషితో సహా కూలుతుంది. అందుకే ఎక్కే ముందు పరీక్ష చెయ్యకుండా, అనుమానం ఉంటే తాళ్ళతోనో మెషీన్ తోనో పట్టి ఉంచకుండా ఏ తీగా విప్పకూడదు. మీరు చూస్తున్నప్పుడు మనుషులు గంటసేపు ఏం చెయ్యకుండా పోల్ చుట్టూ తిరుగుతున్నట్టు అనిపిస్తే, తిరగనివ్వండి.

ఇదే లెక్క స్టే వైరుకీ వర్తిస్తుంది. పోల్ మీద నుంచి ఏటవాలుగా భూమిలోకి దిగే ఆ ఇనుప తీగ పెరట్లో అడ్డంగా ఉందని విప్పేసేవాళ్ళు, వదులు చేసి పక్కకి కట్టేవాళ్ళు, బట్టలు ఆరేసే దండెం దానికి కట్టేవాళ్ళు ఉన్నారు. లైన్ మలుపు తిరిగే చోట, ఆఖరయ్యే చోట తీగలన్నీ పోల్ ని ఒకే వైపు లాగుతుంటాయి, ఆ లాగుడుకి ఎదురు నిలబడేది స్టే ఒక్కటే. దయచేసి ముట్టుకోకండి.

అపోహ: పాతది పీకి అదే గోతిలో కొత్తది పెట్టడమే కదా.

పోల్ మార్చడం అంటే తీగల బరువుని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదకి కింద పడకుండా మార్చడం. పాత పోల్ పీకేస్తే ఆ కాసేపు తీగలు ఎక్కడుండాలి? అందుకే మామూలుగా పాతదాని పక్కనే, అర మీటరు ఒక మీటరు ఎడంలో కొత్త గొయ్యి తవ్వి కొత్త పోల్ నిలబెట్టి, తీగలు మోసే అడ్డ కమ్మీలు (క్రాస్ ఆర్మ్ లు), తీగ నుంచి పోల్ కి కరెంటు పాకకుండా ఆపే ఇన్సులేటర్లు బిగించి, తీగల్ని ఒకదాని తర్వాత ఒకటి మార్చి, ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్ని దించి ఎక్కించి, ఎర్త్ వైరు కలిపి, ఇళ్ళకి పోయే సర్వీస్ వైర్లు మార్చి, అప్పుడు పాతదాన్ని పై నుంచి ముక్కలుగా కోసి దించుతాం.

లోతు విషయం కూడా చెప్పాలి. చాలా చోట్ల వాడే లెక్క పోల్ పొడవులో పదో వంతు, దాని మీద ఇంకో రెండడుగులు. 40 అడుగుల పోల్ అయితే 6 అడుగులు లోపల ఉండాలి. కొన్ని చోట్ల పొడవులో ఆరో వంతు అని లెక్కేస్తారు. రాయి తగిలిందని తక్కువ లోతులో ఆపేస్తే ఆ లోటు మళ్ళీ ఏదో ఒక రకంగా పూడ్చాల్సిందే.

గొయ్యి నింపడం తవ్వడం కన్నా ముఖ్యం అంటాను నేను. మట్టి అంతా ఒకేసారి దొర్లించి పైన తొక్కేస్తే అడుగున వదులుగానే ఉండిపోతుంది. 15, 20 సెంటీమీటర్ల పొర వెయ్యాలి, దిమ్మిస కొట్టాలి, మళ్ళీ పొర వెయ్యాలి. పార పట్టేవాడు ఒక్కడు, దిమ్మిస కొట్టేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటే పని బాగా చేస్తున్నట్టు లెక్క. "కాంక్రీటు పోసెయ్యండి గట్టిగా ఉంటది" అని చాలామంది సలహా ఇస్తారు, కానీ చెక్క పోల్ చుట్టూ కాంక్రీటు పోస్తే చెక్కకీ దానికీ మధ్య సందులో నీళ్ళు నిలిచి కుళ్ళు ఇంకా తొందరగా వస్తుంది, రేపు మార్చాలంటే నరకం. మట్టి బాలేని చోట కంకరో, గట్టిపడే ఫోమో వాడతాం.

అపోహ: రోడ్డు పక్కన పోల్ ఒక పూటలో మారుస్తారు, పెరట్లో కూడా అంతే ఉండాలి.

రోడ్డు పక్కన అయితే పెద్ద క్రేన్ బండి పక్కన నిలబెట్టి ఎత్తేస్తాం. పెరట్లోకి ఆ బండి రాదు. 40 అడుగుల చెక్క పోల్ సుమారు అర టన్ను బరువు ఉంటుంది, దాన్ని సందులోంచి, పక్కింటి గోడ మీంచి, చెట్ల మధ్యలోంచి తీసుకెళ్ళాలి. పెరళ్ళ కోసమే చేసిన, చక్రాలకి బదులు గొలుసు పట్టాల మీద నడిచే చిన్న మెషీన్లు ఉన్నాయి, సుమారు 90 సెంటీమీటర్ల గేటులోంచి కూడా దూరతాయి, అవి గొయ్యి తవ్వుతాయి పోల్ ఎత్తుతాయి. అది కూడా పట్టకపోతే మనుషుల చేతులు, తాళ్ళు, కప్పీలు. కొన్నిచోట్ల ఇంటి మీదుగా పెద్ద క్రేన్ తో దింపాల్సి వస్తుంది, అప్పుడు ఇంట్లోవాళ్ళని కాసేపు బయట ఉండమంటాం.

గొయ్యి పెట్టే చోట కింద నీళ్ళ పైపు, గ్యాస్ పైపు, కేబుల్ ఏమున్నాయో ముందే గుర్తు పెట్టించాలి. మీరు సొంతంగా వేసుకున్న తోట పైపులు, లైట్ల వైర్లు ఏ మ్యాప్ లోనూ ఉండవు, అవి మీరే చూపించాలి. పోల్ చుట్టూ షెడ్డు కట్టేస్తే, కంచె తాళం చెవి దొరక్కపోతే, కుక్కని కట్టెయ్యకపోతే ఆ రోజు పని అక్కడే ఆగిపోతుంది. చాలా చోట్ల లైన్ పోయే జాగా మీద కరెంటు సంస్థకి దారి హక్కు ఉంటుంది, మీ పట్టా కాగితాల్లో ఒకసారి చూసుకోండి, అక్కడ శాశ్వత కట్టడాలు పెట్టకపోవడం అందరికీ మంచిది.

అపోహ: కరెంటు తీశారు కాబట్టి ఇక తీగలో ఏం ఉండదు.

స్విచ్ తీసినంత మాత్రాన లైన్ చచ్చినట్టు కాదు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపాం పని చేసుకోవచ్చు అనే అనుమతి) తీసుకుని, టెస్టర్ తో వోల్టేజి లేదని చూసుకుని, పని చేసే చోటుకి రెండు వైపులా ఎర్తింగ్ వేశాకే చెయ్యి పెడతాం. ఈ జాగ్రత్తంతా ఎందుకంటే వెనక నుంచి వచ్చే కరెంటు. మీ ఇంట్లో జనరేటర్ ని చేంజోవర్ స్విచ్ (ఇంటిని లైన్ నుంచి విడదీసి జనరేటర్ కి కలిపేది) లేకుండా నేరుగా వాల్ సాకెట్ లోకి గుచ్చితే ఆ 230 వోల్టులు సర్వీస్ వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ కి వెళ్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కి ఏ వైపు నుంచి వచ్చిందో అనవసరం, అది తిరగేసి పై లైన్లో వేల వోల్టులు పుట్టిస్తుంది. లైన్ ఆపేశారనుకుని పట్టుకున్న మనిషి అక్కడ ఉంటాడు. గ్రిడ్ కి కలిపిన మంచి సోలార్ ఇన్వర్టర్ కరెంటు పోగానే తనంతట తాను ఆగిపోయేలా చేస్తారు, జనరేటర్ కి ఆ తెలివి ఉండదు, చేంజోవర్ స్విచ్ పెట్టించాల్సింది మీరే.

అపోహ: తీగకి పైన నల్ల తొడుగు ఉంది, కింద పడినా నిప్పురవ్వలు రావట్లేదు, పర్లేదు.

పోల్స్ మీద పోయే హెచ్‌టీ తీగలు, అంటే ఎక్కువ వోల్టేజి తీగలు, చాలావరకు ఏ తొడుగూ లేని ఉత్తవే. కొన్నిటికి ఉన్న నల్ల తొడుగు కొమ్మల రాపిడికీ ఎండకీ వానకీ, మనిషి పట్టుకోవడానికి కాదు. రవ్వలు లేకపోయినా, శబ్దం లేకపోయినా తీగలో వోల్టేజి ఉండొచ్చు. నేల మీద పడితే ఆ వోల్టేజి చుట్టూ నేలలో పరుచుకుంటుంది, రెండు కాళ్ళ మధ్య తేడా వస్తే కరెంటు మనిషిలోంచి పోతుంది. కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి, దగ్గర్లో ఇరుక్కుంటే పాదాలు రెండూ ఆనించి నేల మీద నుంచి ఎత్తకుండా జరుపుకుంటూ దూరంగా పోవాలి. తీగ తగిలిన కంచెకీ ఇదే, ఇనుప కంచె కరెంటుని పక్కింటి దాకా మోసుకుపోతుంది.

అపోహ: కొత్త పోల్ పెట్టి పాతది సగం కోసి వదిలేశారు, పని ఎగ్గొట్టారు.

ఒక పోల్ మీద పైన హెచ్‌టీ, దాని కింద ఎల్‌టీ (ఇళ్ళకి ఇచ్చే తక్కువ వోల్టేజి తీగలు), ఆ కింద కొంత ఖాళీ వదిలి అడుగున టెలిఫోన్, కేబుల్, ఫైబర్ వైర్లు ఉంటాయి. అడుగు వైర్లు కరెంటు సంస్థవి కావు, వాటిని మేం ముట్టుకోకూడదు, ఆయా కంపెనీల మనుషులొచ్చి మార్చుకోవాలి. వాళ్ళు మార్చేదాకా ఆ వైర్లు నిలబడటానికి పాత పోల్ మొండెం అక్కడే ఉండాలి. ఇది ఒక్కోసారి నెలలు పడుతుంది, మీకు విసుగు రావడం న్యాయమే, నాకూ వస్తుంది. పోల్ మీద ఉన్న నంబరు ప్లేటు ఫోటో తీసి, మిగిలిన వైరు ఎవరిదో కనుక్కుని వాళ్ళకి కంప్లైంట్ పెడితే కదులుతుంది, కరెంటు ఆఫీసుకే మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తే కదలదు.

అపోహ: తీసేసిన పోల్ మంచి కలప, పొయ్యిలోకో తోట మడికో వాడుకోవచ్చు.

వద్దు. దశాబ్దాలు కుళ్ళకుండా ఉండటానికి దానికి క్రియోసోట్, పెంటాక్లోరోఫినాల్, లేదా రాగి క్రోమియం ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించి ఉంటుంది. పెంటాక్లోరోఫినాల్ ని 2015లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద నిషేధించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చారు, అప్పుడు కూడా కరెంటు పోల్స్ కి మాత్రం కొన్నాళ్ళు మినహాయింపు ఇచ్చారు. అంటే మీ పెరట్లో పాత పోల్ లో అది ఉండొచ్చు. ఆర్సెనిక్ మందు పట్టించిన చెక్క కాలిస్తే పొగలోనూ బూడిదలోనూ ఆర్సెనిక్ ఉంటుంది. కూరగాయల మడి చుట్టూ పెట్టొద్దు, పిల్లలు కూర్చునే బల్ల చెయ్యొద్దు, రంపపు పొట్టు కూడా మమ్మల్నే ఊడ్చి తీసుకుపొమ్మనండి.

కొత్త పోల్ కి మేకులు కొట్టకండి, ఎక్కేవాడి బూటు ముల్లు ఆ మేకు మీద జారితే పై నుంచి పడతాడు. తీసేసిన పాత గొయ్యి వానలకి కుంగుతుంది, మట్టి దిగి గుంట పడితే కాలు ఇరుక్కోకుండా పైన ఏదైనా అడ్డం పెట్టి కరెంటు ఆఫీసుకి చెప్పండి, మళ్ళీ నింపడం ఆ పనిలో భాగమే. అదే కుంగడం కొత్త పోల్ మొదట్లో కనిపిస్తే మాత్రం మీరు మట్టి పోసి కప్పెయ్యకండి, ఎలా ఉందో అలా వదిలేసి ఫోన్ చెయ్యండి, దిమ్మిస సరిగ్గా పడిందో లేదో మేం చూడాలి.