అడుగు తిప్పి చూడండి

మహారాణిపేట, విశాఖపట్నం

చిన్నూ, అమ్మలూ,

షోకేసులో ఉన్న నారింజ రంగు గాజు వేజు ఎన్నేళ్లదని అడిగారు కదా. ఫోన్లో చెబితే తేలేది కాదని రాస్తున్నాను. పాత గాజుకి పుట్టిన సంవత్సరం చెప్పడం ఎవరి తరమూ కాదు. ఫలానా కాలానికి ముందుది కాదు, ఫలానా దాని తరవాతదీ కాదు అని తేల్చగలిగితే చాలు.

ముందు దాన్ని బోర్లించండి. మంచం మీద దుప్పటి పరిచి, గచ్చు మీద మాత్రం వద్దు! అడుగున మధ్యలో గరుకు మచ్చ గానీ, అరగదీసిన నున్నటి గుంట గానీ ఉంటే దాన్ని పాంటిల్ గుర్తు అంటారు. గాజుని ఇనప కడ్డీకి అతికించి, పనయ్యాక విరిచిన చోటు అది. అమ్మేవాళ్లు దాన్ని చూపించి "వందేళ్లదండీ" అంటారు. నమ్మకండి. చేత్తో ఊదేవాళ్లు ఇవాళ్టికీ అలాగే చేస్తున్నారు.

నేనైతే అరుగుదలనే ఎక్కువ నమ్ముతాను. బల్లకి ఆనే అంచు మాత్రమే అరగాలి. భూతద్దం పెడితే గీతలు అడ్డదిడ్డంగా, కొన్ని లోతుగా కొన్ని పైపైన కనిపించాలి. అన్నీ ఒకే వైపుకి ఉన్నాయంటే ఎవరో ఉప్పుకాగితంతో రుద్దారన్నమాట. ఆర్కే బీచిలో మీరు ఏరుకొచ్చే మసక గాజుపెంకులూ అంతే. ఇసుకా అలలూ రుద్దితే ఈమధ్య సీసా ముక్కయినా ఎంతో పాతదానిలా కనిపిస్తుంది.

ఆకారం చూసి మోసపోవద్దు. గోలీసోడా సీసాకి ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు తీసుకున్నది 1872లో. అదే ఆకారం మన బళ్ల మీద ఇప్పటికీ ఉంది!

అక్షరాలుంటే పని తేలిక. చెకోస్లోవేకియా అని ఉంటే 1918కి ముందుది కాదు, అప్పటికి ఆ దేశమే లేదు. సంతకాల విషయంలో మాత్రం జాగ్రత్త. ఫ్రాన్సులో గాజు కళాకారుడు ఎమిల్ గాలే 1904లో పోయాక, ఆయన కార్ఖానాలో కొన్నేళ్లపాటు సంతకం పక్కన నక్షత్రం గుర్తు వేశారు. కానీ ఆ పేరుతో నకిలీలు కొల్లలు.

ఇక మన వేజు. వేడి గాజు మీద లోహ లవణాలు చల్లితే వచ్చే ఇంద్రధనుస్సు మెరుపు దాని మీద ఉంది. ఈ కార్నివాల్ గాజుని అమెరికాలో ఫెంటన్ కంపెనీ 1907 ప్రాంతంలో మొదలుపెట్టింది. తరవాత మన ఫిరోజాబాద్‌లో జైన్ గ్లాస్ వర్క్స్ కూడా చేసింది. మన వేజు అడుగున ఇంగ్లీషులో జైన్ అని పోతపోసి ఉంది, కాబట్టి అమెరికాది కాదు. 1971 నాటి మా పెళ్లిఫోటోలో బల్ల మీద అదే వేజు ఉంది. అంటే అంతకన్నా కొత్తదీ కాదు. ఇంతవరకే చెప్పగలను.

మీ ఇంట్లో లేతాకుపచ్చ గాజుగిన్నె ఒకటి ఉండాలి. కిరాణా కొట్లో నోట్లు పరీక్షించే ఊదారంగు లైటు అడిగి తెచ్చుకుని, చీకట్లో దాని మీద వేయండి. ఆకుపచ్చగా ధగధగమంటే అది యురేనియం కలిపిన గాజు. ఏ రంగు వెలుగొచ్చిందో రాయండి.

మీ అమ్మమ్మ