కారుకు ఎయిర్ ఇన్‌టేక్ మార్చే ముందు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి కార్లున్న కుర్రవాళ్లు మా షెడ్డుకు రాగానే మొదట అడిగేది ఎయిర్ ఇన్‌టేక్ గురించే, అంటే ఇంజిన్‌కు గాలి అందించే ఫిల్టర్, పైపుల గురించే. బిగించడం సులువు, బానెట్ ఎత్తగానే కంటికి కనిపిస్తుంది, శబ్దం మారుతుంది. అందుకే దాని చుట్టూ ఇన్ని అపోహలు. అందరికీ నేను చెప్పేది ఒక్కటే: కొలవకుండా కొనవద్దు. కొలవడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

అపోహ: కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ పెట్టె ఇంజిన్‌కు ఊపిరాడనివ్వదు.

వాస్తవం: ఆడనిస్తోందో లేదో మీ కారునే అడగండి. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చి, ఒక చెక్కకు యు ఆకారంలో బిగించండి. రెండు వైపులా మీటరు చొప్పున ఎత్తు ఉండాలి. సగం వరకు రంగు నీళ్లు పోయండి. ఒక కొసను గాలికి వదిలేసి, రెండో కొసను ఫిల్టర్ దాటాక వచ్చే పైపుకు చిన్న నిపుల్ (గొట్టం తగిలించే మూతి) పెట్టి కలపండి. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) ఉన్న కారైతే ఈ నిపుల్ టర్బోకు ముందే ఉండాలి. తర్వాత పెడితే బూస్ట్‌కు, అంటే టర్బో పుట్టించే ఒత్తిడికి, నీళ్లన్నీ పైకి చిమ్ముతాయి. ఖాళీ రోడ్డు మీద ఒకరు నడుపుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, పక్కన కూర్చున్నవారు రెండు నీటి మట్టాల మధ్య తేడా చూడాలి.

వాతావరణ పీడనం సుమారు 10.3 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. అంటే 10 సెంటీమీటర్ల తేడా ఉంటే గాలి ఒత్తిడిలో మీరు పోగొట్టుకుంటున్నది దాదాపు 1 శాతం. 20 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, టర్బో లేని 100 హార్స్‌పవర్ ఇంజిన్‌కు ఫిల్టర్, పైపు అన్నీ తీసి పారేసినా కలిసొచ్చేది 2 హార్స్‌పవర్ మాత్రమే. కొత్త పేపర్ ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి. చాలాసార్లు సమస్య అక్కడే తీరిపోతుంది, మీకు వేల రూపాయలు మిగులుతాయి.

అపోహ: పెట్టె తీసేసి కోన్ ఫిల్టర్ (శంకు ఆకారపు ఫిల్టర్) తెరిచి పెడితే గాలి ఎక్కువ వెళ్తుంది.

వాస్తవం: ఎంత గాలి వెళ్తుందన్నది సగం ప్రశ్నే. ఎంత వేడి గాలి వెళ్తుందన్నది మిగతా సగం, మన ఎండల్లో అదే పెద్ద సగం. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు 3 శాతం తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం ఏడు రోడ్ల కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారనుకోండి. బయట 38 డిగ్రీలు ఉండి, బానెట్ కింద కోన్ పీల్చే గాలి 60 డిగ్రీలు ఉంటే, సాంద్రతలో ఆరున్నర శాతం పోయినట్టే. పైగా ఇంజిన్ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి టకటకమనడం) కాకుండా కారు కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) వెనక్కి జరుపుతుంది, దానితో ఇంకొంత పవర్ పోతుంది. రహదారి ఎక్కి వేగం అందుకుంటే ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది, నిజమే. కానీ ఓవర్‌టేక్ చేయాల్సిన క్షణానికి ముందు మీరు ఉన్నది ఆ ట్రాఫిక్‌లోనే కదా!

కారు కంప్యూటర్‌లోని రీడింగులు చదివే ఓబీడీ స్కానర్‌లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత కనిపిస్తుంది. మార్చక ముందు, మార్చిన తర్వాత ఒకే వేళలో, ఒకే దారిలో నడిపి రాసుకోండి. కొనాల్సి వస్తే నాలుగు వైపులా మూసుకుని, పైన బానెట్‌కు రబ్బరు అంచుతో ఆనుకునే పెట్టె ఉన్నదే కొనండి. అది కంపెనీ గొట్టం నుంచే బయటి గాలి తీసుకోవాలి. అల్యూమినియం పైపా, ప్లాస్టిక్ పైపా అని వాదించుకోవడం అనవసరం. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు గాలి ఆ పైపులో ఉండేది రెప్పపాటు కూడా కాదు. ఫిల్టర్ ఎక్కడ కూర్చుందన్నదే ముఖ్యం.

అపోహ: శబ్దం పెరిగిందంటే పవర్ పెరిగినట్టే.

వాస్తవం: కాదు. శబ్దాన్ని మింగే రెజొనేటర్‌ను తీసేశారు, అంతే. శబ్దం కోసమే కావాలంటే అలాగే కొనుక్కోండి, తప్పేమీ లేదు.

అపోహ: మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: పెట్రోలు కారులో మామూలుగా నడిపేటప్పుడు గాలికి అడ్డం థ్రాటిలే (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు), ఫిల్టర్ కాదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో ఇదే పరీక్షించింది. ఈనాటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ పూడుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ మాత్రం తగ్గింది.

అపోహ: కడిగి వాడుకునే ఫిల్టర్ ఒకసారి కొంటే ఇక చింత లేదు.

వాస్తవం: మన జిల్లాలో ఈ మాట నమ్మితే ఇంజిన్ అరిగిపోతుంది. టెక్కలి వైపు గ్రానైట్ లారీల వెనుక ఒక్కసారి వెళ్లి చూడండి, అద్దం మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. గ్రానైట్‌లో ఉండే క్వార్ట్జ్ రేణువు మామూలు ఇనుము కంటే గట్టిది. అది లోపలికి పోతే సిలిండర్ గోడలను, పిస్టన్ రింగులను గీకుతుంది. గాలిని ధారాళంగా వదిలే ఫిల్టర్ దుమ్మును కూడా వదులుతోందేమో చూసుకోవాలి. ఫిల్టర్ తర్వాతి పైపు విప్పి, లోపల తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డను వేళ్ల మధ్య నలిపినప్పుడు ఇసుకలా గరగరలాడితే ఆ ఫిల్టర్ తీసేయండి, ఎంత ఖరీదైనదైనా సరే. కొనేటప్పుడు ఐఎస్ఓ 5011 పరీక్ష ఫలితాలు అడగండి. దుమ్మును ఎంత ఆపుతుందో, గాలికి ఎంత అడ్డుపడుతుందో రెండూ అందులో ఉంటాయి.

నూనె పట్టించే కాటన్ ఫిల్టరైతే చెయ్యి జారనివ్వకండి. ఎక్కువైన నూనె గాలితో పాటు వెళ్లి, లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌లోని సన్నటి తీగకు పట్టుకుంటుంది, రీడింగులు తప్పుతాయి.

అపోహ: ఏ పైపైనా బిగించవచ్చు, కంప్యూటర్ సర్దుకుంటుంది.

వాస్తవం: మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారులో, ఆ సెన్సర్ కూర్చునే చోట పైపు లోపలి వ్యాసం మారితే లెక్క మొత్తం మారుతుంది. పైపు పెద్దదైతే తీగ మీదుగా గాలి నెమ్మదిగా వెళ్తుంది. అసలు వచ్చిన దానికంటే తక్కువ గాలి వచ్చిందని కంప్యూటర్ అనుకుని పెట్రోలు తగ్గిస్తుంది. బిగించిన వారం తర్వాత స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె) చూడండి. అది 10 శాతం దాటినా, గాలికి తగ్గ పెట్రోలు అందడం లేదని చెప్పే పీ0171 కోడ్ వచ్చినా ఆ పైపు మీ కారుకు పనికిరాదు. గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో నడిచే కార్లకు ఈ బెడద లేదు. వారంటీ మిగిలి ఉన్న కారైతే పాత భాగాలన్నీ భద్రంగా దాచండి, షరతులు ముందే చదవండి.

అపోహ: టర్బో కారుకు ఇన్‌టేక్ మారిస్తే చాలు, పవర్ దూసుకొస్తుంది.

వాస్తవం: ఎంత బూస్ట్ ఇవ్వాలో కంప్యూటర్ ముందే నిర్ణయించుకుని ఉంటుంది. ట్యూనింగ్ (ఆ కంప్యూటర్ సెట్టింగులు) మార్చనంతవరకు మంచి ఇన్‌టేక్ టర్బో శ్రమను కాస్త తగ్గిస్తుంది, అంతకు మించి ఆశించవద్దు. ట్యూనింగ్ చేయించి గాలి అవసరం పెంచినప్పుడు నీటి గొట్టంలో తేడా కూడా పెరుగుతుంది. ఇన్‌టేక్‌కు డబ్బు పెట్టాల్సింది అప్పుడు.

అపోహ: ఫిల్టర్ ఎంత కిందికి ఉంటే అంత చల్లటి గాలి, అంత మంచిది.

వాస్తవం: చల్లటి గాలి నిజమే. కానీ 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లా ఇది. బంపర్ వెనుక, చక్రం పక్కన వేలాడే ఫిల్టర్ రోడ్డు మీద నిలిచిన నీటిని నేరుగా పీల్చుకుంటుంది. నీరు గాలిలా కుదించుకోదు. పిస్టన్ పైకి వచ్చేసరికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అలాంటి ఇన్‌టేక్ ఉంటే జూన్ నుంచి డిసెంబరు వరకు కంపెనీ పెట్టె తిరిగి బిగించుకోండి. నీటిలో కారు ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయవద్దు. తోయించి బయటకు తెచ్చి ఫిల్టర్ తడిసిందేమో చూడండి. తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పించి, ఇంజిన్‌ను చేత్తో తిప్పించి, నీరంతా బయటికి పోయాకే తాళం తిప్పండి.