మాన్యువల్ కారు ఎంచుకునేటప్పుడు: ధరల పట్టికలో కనిపించని గేర్‌బాక్స్ (అపోహలు - వాస్తవాలు)

షోరూమ్‌లు తిరిగి మూడు నాలుగు మాన్యువల్ కార్లు చూసొచ్చినవాళ్ల కాగితాలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. కార్ల పేర్లు, పక్కన ధరలు, కింద సన్‌రూఫ్ ఉందా లేదా, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, అలాయ్ వీల్స్ ఏ సైజు. గేర్‌బాక్స్ దగ్గరికొచ్చేసరికి "5 స్పీడ్" అనో "6 స్పీడ్" అనో ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ట్రాఫిక్‌లో పూటకు వందలసార్లు తొక్కాల్సిన క్లచ్ గురించి అయితే అసలు ఏమీ ఉండదు. కొన్న మూడు నెలలకు వచ్చే ఫిర్యాదులేమో చాలావరకు ఈ రెండింటి గురించే.

అపోహ: ధర పెరిగేకొద్దీ గేర్‌బాక్స్ కూడా మెరుగవుతుంది.

ఎక్కువమంది డబ్బు పోయేది ఇక్కడే. ఒకే మోడల్, ఒకే ఇంజిన్ అయితే బేస్ నుంచి టాప్ వరకు మామూలుగా గేర్‌బాక్స్ అదే, క్లచ్ అదే, గేర్ నిష్పత్తులూ (ఒక్కో గేరులో ఇంజిన్ వేగం ఎంత తగ్గి చక్రాలకు వెళ్తుందన్న లెక్క) అవే. మీరు అదనంగా కట్టేది సీట్లకు, లైట్లకు, స్క్రీన్‌కు, సన్‌రూఫ్‌కు. పైగా సన్‌రూఫ్, పెద్ద చక్రాలు బరువు పెంచుతాయి. ఇంజిన్ అదే, నిష్పత్తులు అవే, బరువు మాత్రం ఎక్కువ. అంటే సెకండ్ గేర్‌లో మెల్లగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు టాప్ వేరియంట్ బేస్ కన్నా చురుగ్గా లాగడానికి కారణమే లేదు. ఏమైనా తేడా ఉంటే అది కాస్త మందకొడిగా ఉండటమే.

గేర్‌బాక్స్ నిజంగా మారేది ఇంజిన్ మారినప్పుడు. ఒకే పేరు మీద టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) లేని పెట్రోల్ ఒకటి, టర్బో ఒకటి, కొన్నిచోట్ల డీజిల్ ఒకటి ఉంటాయి. ఒకదానికి 5 స్పీడ్, ఇంకోదానికి 6. ఒకదానిది కేబుల్ క్లచ్ (తీగతో లాగేది), ఇంకోదానిది హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసేది). పేరొకటే, బండ్లు వేరు. అందుకే కాగితం మీద వేరియంట్లను కాదు, ఇంజిన్-గేర్‌బాక్స్ జతలను పక్కపక్కన పెట్టాలి. అలా పెడితే పది కార్లనుకున్నది నాలుగు జతలకు తేలిపోతుంది.

ధర బాగా పెరిగితే మాన్యువల్‌కి మర్యాద పెరుగుతుందనుకుంటే అదీ పొరపాటే. జీ80 తరం బీఎండబ్ల్యూ ఎం3నే చూడండి. మాన్యువల్‌ది 550 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), దానికన్నా ఖరీదైన కాంపిటీషన్ వెర్షన్‌ది 650. కాంపిటీషన్‌లో మాన్యువల్ ఇవ్వరు. ఫెరారీ కొత్త కార్లలోనైతే మూడు పెడళ్ల మాటే లేదు. పోర్షే 911 జీటీ3 లాంటివి ఇప్పటికీ మాన్యువల్ ఇస్తున్నాయి కానీ, అది సరదా కొద్దీ కోరుకునేవాళ్ల కోసం. మామూలు ధరల్లో కూడా పైకి పోయేకొద్దీ మాన్యువల్ తగ్గిపోతుంది. ముందున్న బండి ఆగితే తనూ ఆగి, కదిలితే కదిలే క్రూజ్ కంట్రోల్‌ని మూడు పెడళ్ల కారుకు ఇవ్వడం కష్టం, ఎందుకంటే క్లచ్ తొక్కాల్సింది మీ కాలే.

అపోహ: టెస్ట్ డ్రైవ్‌కి ఏ బండి ఇచ్చినా ఒకటే, కారు అదే కదా.

పై అపోహకు ఇది తోబుట్టువు. షోరూమ్‌లో డెమో కారు చాలావరకు టాప్ వేరియంట్, తరచుగా టర్బో, వీలైతే ఆటోమేటిక్. కొనేవారు దాన్ని నడిపి "బ్రహ్మాండంగా లాగుతోంది" అని, బుక్ చేసేది టర్బో లేని మాన్యువల్. డెలివరీ అయిన వారానికే "స్పీడ్ బ్రేకర్ దాటాక సెకండ్‌లో లాగట్లేదు, ఇంజిన్‌లో లోపం ఉంది" అని సర్వీస్‌కి తెస్తారు. స్కాన్ చేస్తే ఒక్క ఎర్రర్ కోడ్ ఉండదు, ఉండదు కూడా. బండిలో లోపం లేదు. వాళ్లు నడిపిన కారు, కొన్న కారు వేరు, అంతే. ఇలా వచ్చినవాళ్లను కోప్పడటానికి మనసొప్పదు. కోపమంతా "రెండూ సేమ్ సార్, ఏం తేడా ఉండదు" అని సేల్స్‌వాళ్లు అన్న ఆ ఒక్క మాట మీదే.

కొనబోయే ఇంజిన్, కొనబోయే గేర్‌బాక్స్ ఉన్న బండే అడగండి. లేదంటే తెప్పించేదాకా ఆగండి, లేదా ఇంకో షోరూమ్‌కి వెళ్లండి. అడ్వాన్స్ కట్టేది ఆ తర్వాతే. బుకింగ్ ఫారంలో రంగు, వేరియంట్‌తో పాటు ఇంజిన్, గేర్‌బాక్స్ కూడా రాయించుకోండి.

ఇక నడపడం. ముందు ఇంజిన్ ఆపి ఉండగానే సీటు సర్దుకోండి. క్లచ్ నేలదాకా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలి. అలా సర్దాక స్టీరింగ్ అందకపోతే, ఎడమ కాలు ఆనించుకోవడానికి చోటు లేకపోతే, ఆ కారు మీ శరీరానికి సరిపడలేదని అర్థం, ధర ఎంతైనా సరే. తర్వాత క్లచ్‌ని ఆగకుండా 30 నుంచి 40 సార్లు తొక్కి వదలండి. అయిదుసార్లు తొక్కితే అన్నీ మెత్తగానే ఉంటాయి. ముప్పయ్యోసారికి పిక్క పట్టేస్తుందా, తొక్కినప్పుడల్లా మడమ నేల మీద నుంచి లేస్తోందా చూసుకోండి.

ఖరీదైన కారు క్లచ్ మెత్తగా ఉంటుందన్న లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. టార్క్ ఎక్కువైతే క్లచ్ ప్లేట్ జారకుండా దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్ స్ప్రింగ్ గట్టిగా బిగించాలి, ఆ బిగువు పెడల్ దాకా వస్తుంది. అందుకే డీజిల్, పెద్ద టర్బో కార్ల క్లచ్ చిన్న పెట్రోల్ కారు కన్నా బరువుగా అనిపించడం మామూలే. ఇక కేబుల్ క్లచ్ అయితే కేబుల్ అరిగి, తుప్పు పట్టేకొద్దీ ఇంకా బిగుస్తుంది.

స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ మెల్లగా వదిలి కదిలించండి. బైటింగ్ పాయింట్ (క్లచ్ అందుకుని బండి కదలడం మొదలయ్యే చోటు) పెడల్ అడుగున ఉందా, మధ్యలోనా, పైనా గమనించండి. డెమో కారును వందమంది నడిపి ఉంటారు, ప్లేట్ అరిగి ఉండొచ్చు, అందుకే ఆ ఒక్కదాన్ని చూసి కారును కొట్టిపారేయొద్దు. మొదటి రెండుసార్లు బండి ఆగిపోతే సిగ్గుపడాల్సిందేమీ లేదు, కొత్త క్లచ్‌కి కాలు అలవాటు పడటానికి ఎవరికైనా ఆ మాత్రం పడుతుంది.

రోడ్డు మీద రెండు పరీక్షలు చాలు. సెకండ్ గేర్‌లో 15 కి.మీ. వేగానికి తగ్గి, క్లచ్ ముట్టకుండా యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కండి. దడదడలాడకుండా సాఫీగా లాగితే రోజూ ట్రాఫిక్‌లో సుఖపడతారు. ఈడిస్తే ప్రతి గతుకు దగ్గరా ఫస్ట్‌కి దిగాల్సిందే. చిన్న టర్బోల్లో 1500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) కింద ఏమీ లేకపోవడం, పైన ఒక్కసారిగా అందుకోవడం ఇక్కడే బయటపడుతుంది. రెండోది: సెకండ్‌లో 3000 ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లి, యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ తొక్కి ఆర్‌పీఎం ముల్లును చూడండి. కొన్ని కార్లలో అది వెంటనే పడదు, గాల్లో వేలాడినట్టు నిలిచి మెల్లగా దిగుతుంది. కాలుష్య నియంత్రణ కోసం కంప్యూటర్ థ్రాటిల్‌ని (ఇంజిన్‌కి గాలి వదిలే మూతను) ఒక్కసారిగా మూయకపోవడం, బరువైన ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే చక్రం) దీనికి కారణాలు. అలాంటి కారులో థర్డ్ వేసి క్లచ్ త్వరగా వదిలితే కుదుపు వస్తుంది. చాలామంది తమకే నడపడం రాదనుకుని బాధపడతారు. తప్పు వాళ్లది కాదు.

అపోహ: 6 స్పీడ్ అంటే 5 స్పీడ్ కన్నా హైవే మీద ప్రశాంతం.

గేర్ల సంఖ్య కాదు, చివరి గేరు నిష్పత్తిని ఫైనల్ డ్రైవ్‌తో (గేర్‌బాక్స్ తర్వాత, చక్రాలకు ముందుండే గేర్ల నిష్పత్తితో) గుణిస్తే వచ్చే అంకె చూడండి. 0.8 ని 4.0 తో గుణిస్తే 3.2. మధ్యస్థం సైజు టైరుతో 100 కి.మీ. దగ్గర సుమారు 2700 ఆర్‌పీఎం వస్తుంది. అదే 2.5 అయితే 2100 చిల్లర. 2015లో వచ్చిన మాజ్డా ఎంఎక్స్-5 లో ఆరో గేరు సరిగ్గా 1:1, అంటే ఆరు గేర్లున్నా ఓవర్‌డ్రైవ్ (నిష్పత్తి 1 కన్నా తక్కువుండే గేరు) లేదు. ఆ ఆరూ దగ్గరదగ్గరగా అమర్చినవి. మామూలు కార్లలోనూ కొన్నిసార్లు ఆరు గేర్లనూ అలాగే దగ్గరదగ్గరగా పెడతారు. టెస్ట్ డ్రైవ్‌లో టాప్ గేర్‌లో నిలకడగా 80 దగ్గర పెట్టి ఆర్‌పీఎం ముల్లు ఎక్కడుందో రాసుకుంటే లెక్క కూడా అక్కర్లేదు.

అపోహ: వారంటీ ఉంది కాబట్టి క్లచ్ పోయినా కంపెనీయే చూసుకుంటుంది.

క్లచ్ ప్లేట్ అరిగే వస్తువు. బ్రేక్ ప్యాడ్‌కి వర్తించే మాటే దీనికీ. తయారీ లోపం తేలితే తప్ప అరుగుదలకు వారంటీ రాదు. అసలు దెబ్బ ప్లేట్ ధర కాదు, గేర్‌బాక్స్ దించే కూలీ. దించాక ప్లేట్ ఒక్కటే వేసి మూయరు. ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ కూడా మారుస్తారు. కొన్ని హైడ్రాలిక్ క్లచ్‌లలో స్లేవ్ సిలిండర్ (ద్రవం ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే భాగం) గేర్‌బాక్స్ గూట్లోనే ఉంటుంది, అది కారినా మొత్తం దించాల్సిందే. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (స్ప్రింగులతో కలిపిన రెండు ముక్కల ఫ్లైవీల్) ఉన్న కారైతే, దానికీ అరుగుదల ఎక్కువైందంటే బిల్లు ఇంకో మెట్టు ఎక్కుతుంది. చవక కారుకు, ఖరీదైన కారుకు అసలైన తేడా చాలాసార్లు ఈ బిల్లులో కనిపిస్తుంది.

కాబట్టి సేల్స్ టేబుల్ నుంచి లేచి సర్వీస్ కౌంటర్ దాకా నడవండి. ఈ ఇంజిన్‌కి క్లచ్ సెట్ ధర ఎంత, గేర్‌బాక్స్ దించడానికి ఎన్ని గంటల కూలీ వేస్తారు, ఫ్లైవీల్ ఏ రకం? మూడింటికీ కాగితం మీద జవాబు తీసుకోండి.

మిగతావి గబగబా. మాన్యువల్‌కి మైలేజీ ఎప్పుడూ ఎక్కువే అన్న మాట పాతది, ఇప్పటి సీవీటీలు (గేరు మెట్లు లేని ఆటోమేటిక్‌లు) కొన్ని పరీక్షల్లో దాన్ని దాటుతున్నాయి. ఏఎంటీ పూర్తి ఆటోమేటిక్ అన్నది తప్పు, అది మోటార్లు క్లచ్ తొక్కి గేరు మార్చే మాన్యువలే, దాని ప్లేటూ అరుగుతుంది. గేర్ ఆయిల్ జన్మలో మార్చక్కర్లేదన్న మాట నమ్మొద్దు, కారుతో ఇచ్చే పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. జీఎల్-4 అడిగిన చోట జీఎల్-5 పోస్తే కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగులను (గేరు పడేముందు వేగాలు కలిపే రింగులను) తింటాయి. ఇక రివర్స్ వేసేటప్పుడు కర్రుమంటే గేర్‌బాక్స్ పాడైనట్టు కాదు. చాలా కార్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి వేయండి. అప్పటికీ కర్రుమంటే మాత్రం క్లచ్ పూర్తిగా విడవట్లేదని అనుమానించి, ఆ బండి బదులు ఇంకో డెమో కారు అడగండి.